చెట్టు వెనక గోడ

"లైట్లు పెట్టడం అయిపోగానే నువ్వూ పిల్లా మీ అక్కావాళ్ళింటికి వెళ్ళిపోండి. రెండు రోజులే కదా. వాళ్ళు వెళ్ళాక నేనే ఫోను చేస్తాను."

అత్తగారు ఈ మాట ఎటో చూస్తూ అంది. ఎటో అంటే గోడ గడియారం వైపు. నాలుగున్నరయింది. ఆరింటికి ఆవిడ కొడుకు వస్తున్నాడు. రెండేళ్ళ తర్వాత వస్తున్నాడు. ఒక్కడే రావడం లేదు.

కోడలు క్రిస్మస్ చెట్టు పక్కన స్టూలు మీద నిలబడి ఉంది. చేతిలో సీరియల్ బల్బుల దండ, పెదాల మధ్య ఇన్సులేషన్ టేపు ముక్క. ముందు ఆ ముక్క తీసి తీగ మీద చుట్టింది. బొటనవేలితో గట్టిగా నొక్కింది. ఆ తర్వాతే మాట్లాడింది.

"లైట్లు పెట్టి వెళ్ళాలా, పెట్టకుండా వెళ్ళాలా?"

"అదేం మాట? పెట్టే వెళ్ళు. మాకెవరికొచ్చు ఆ పని?"

"అంటే చెట్టు వెలగాలి, నేను కనపడకూడదు."

"నేనలా అన్నానా?"

"ఇంకెలా అన్నారు అత్తయ్యా?"

అత్తగారు సాయం కోసం భర్త వైపు చూసింది. మామగారు పడక్కుర్చీలో పేపరు పట్టుకుని కూర్చున్నారు. గంట నుంచీ అదే పేజీ. ఆయన రిటైరైన టైపిస్టు. ముప్పై ఏళ్ళు ఆఫీసులో ఇతరుల మాటల్ని ఒక్క తప్పు లేకుండా కొట్టిన మనిషికి, ఇంట్లో సొంత మాట ఒకటి చెప్పాల్సి వస్తే మాత్రం వేళ్ళు ఆడవు, నోరూ ఆడదు.

"మావయ్యా, మీరూ వెళ్ళమనే అంటారా?"

పేపరు ఒక అంగుళం పైకి లేచింది. అంతే. ఆయన జవాబు అదే.

ఫోను వచ్చింది ఆదివారం. వినికిడి తగ్గిందని అత్తగారు ఎప్పుడూ స్పీకరు పెట్టుకునే మాట్లాడుతుంది. వంటింట్లో గిన్నెలు తోముతున్న కోడలికి మొగుడి గొంతు ప్రతి అక్షరం వినపడింది. "తనని తీసుకొస్తున్నానమ్మా. కళ్ళజోళ్ళ షాపులో చేస్తుందని చెప్పానే, తనే. మీకు నచ్చుతుంది." అప్పటి నుంచి నాలుగు రోజులుగా ఆ ఇంట్లో నలుగురు మనుషులు అన్నం తిన్నారు, స్నానాలు చేశారు, తలుపులు వేసుకుని పడుకున్నారు. ఆ ఫోను గురించి ఒక్కరంటే ఒక్కరు నోరు విప్పలేదు. ఇదిగో, ఇప్పుడు విప్పారు. ఎలా విప్పారో చూశారుగా.

కోడలికి కోపం రావడం ఆలస్యం కాదు. కానీ చేతిలో పని ఉన్నంతసేపు దాన్ని లోపలే అణిచి పెట్టుకోగల మనిషి. ఆమె పనిచేసేది మోటార్ల వైండింగ్ షాపులో. కాలిపోయిన మోటార్లు విప్పి, మాడిన తీగ లాగేసి, కొత్త రాగితీగ చుట్టడం ఆమె పని. ఈ ఇంట్లో తిరిగే ఫ్యానూ, మూలిగే మిక్సీ, చివరికి అత్తగారి చెవి మిషనూ ఆమె చేతి మీదుగా బతుకుతున్నవే. ఇవాళ సగం రోజు సెలవు పెట్టి వచ్చింది కూడా మొగుడి కోసం కాదు. క్రిస్మస్ నాలుగు రోజుల్లోకి వచ్చింది, చెట్టు ఎప్పుడమ్మా అని కూతురు పొద్దున్న జడ వేయించుకుంటూ అడిగింది. అందుకు వచ్చింది.

"అమ్మా."

పిల్ల లోపలి గది గుమ్మంలో నిలబడింది. పదేళ్ళది. భుజానికి స్కూలు బ్యాగు, కానీ అందులో పుస్తకాలు లేవు. జిప్పు పట్టక గౌను అంచు బయటికి వేలాడుతోంది.

"నానమ్మ నా బట్టలన్నీ సర్దేసింది. పెద్దమ్మావాళ్ళింటికంట. మనం చెట్టు వెలిగించాక వెళ్తామా, ముందే వెళ్తామా?"

కోడలు స్టూలు దిగింది.

"ఎప్పుడు సర్దింది?"

"మధ్యాహ్నం. నువ్వు రాకముందే."

"అంటే నన్ను అడగడానికి ముందే నా కూతురి బట్టలు సర్దేశారన్నమాట," అంది అత్తగారితో. "మరి నావి కూడా సర్దాల్సింది. ఒక పనైపోయేది."

"నీవి నువ్వు సర్దుకుంటావని..."

"ఎంత మర్యాద అత్తయ్యా!"

అత్తగారు మాట దాటేసింది. "ముందు ఆ లైట్ల పని కానివ్వు. టైము లేదు."

టైము లేదట. కోడలు పళ్ళ బిగువున ఊరుకుని తీగ అందుకుంది. ఇక్కడే ఇంకో చిరాకు. ఏటా ఆ చెట్టు కిటికీ దగ్గర ఉండేది. వీధిలోకి కనపడేది, ప్లగ్ పాయింటు పక్కనే ఉండేది. ఈసారి ఆమె షాపు నుంచి వచ్చేసరికి అత్తామామలిద్దరూ కలిసి దాన్ని ఇవతలి మూల గోడకి ఆనించి పెట్టేశారు. అక్కడ ప్లగ్గు లేదు. గది ఈ చివర నుంచి ఆ చివరకి ఎక్స్‌టెన్షన్ వైరు లాగాలి.

"కిటికీ దగ్గరే ఉంచితే ఏం పోయేది?" అని వచ్చీ రాగానే అడిగింది.

"అక్కడ దారికి అడ్డం," అంది అత్తగారు.

పదకొండేళ్ళు అడ్డం కాని దారి ఈ ఏడు అడ్డమయింది. సరే, అనుకుంది.

లైట్లు చుట్టడంలో ఆమె పద్ధతి వేరు. మామూలుగా అందరూ ముందువైపు కనపడేంత మేరకు చుట్టేసి, వెనక్కి వదిలేస్తారు. ఆమెది కాయిల్ చుట్టే చెయ్యి. సగం చుట్టి వదిలేయడం ఆ చేతికి రాదు. చెట్టు వెనక, నడిమి కడ్డీ దగ్గర మొదలుపెట్టి, ఒక్కో కొమ్మ లోపలికి పోయి, బయటికి వచ్చి, కింది నుంచి పై దాకా తీసుకెళ్తుంది. పిల్లకి కూడా అదే నేర్పింది. పదకొండేళ్ళు ఒకే ఇంట్లో ఉండి కూడా అత్తగారు ఈ సంగతి ఎన్నడూ గమనించలేదు. గమనించి ఉంటే వేరే ఉపాయం వెతుక్కునేది.

కోడలు చెట్టు పక్కకి వెళ్ళి గోడకీ కొమ్మలకీ మధ్య చెయ్యి పెట్టబోయింది.

"వెనకెందుకు?" అంది అత్తగారు గబుక్కున. "గోడకి చూపిస్తావా ఏంటి? ముందు చుట్టు, చాలు."

"వెనక నుంచే మొదలుపెట్టాలి."

"వద్దన్నానా! ముందు చాలు."

ఆ గొంతులో ఏదో ఉంది. అది లైట్ల గురించి పడే ఆత్రం కాదు. కోడలు అత్తగారి మొహం చూసింది. తర్వాత మామగారి వైపు చూసింది. పేపరు ఇంకో అంగుళం పైకి లేచింది.

ఆమె రెండు చేతులతో చెట్టు కడ్డీ పట్టుకుని బారెడు ముందుకి లాగింది.

గోడ మీద ఒంటరిగా ఒక మేకు ఉంది. మేకు కింద పలకంత మేర కొత్త సున్నంలా తెల్లటి మచ్చ. చుట్టూ గోడ ఏళ్ళ తరబడి పసుపెక్కిపోయి ఉంది. ఎండా దుమ్మూ తగలనిది ఆ ఒక్క ముక్కే. అక్కడ పదకొండేళ్ళ నుంచి ఉన్నది ఆమె పెళ్ళి ఫొటో.

పక్క వాటాలో కుక్కరు కూత వేసింది.

"ఫొటో ఏది?"

"దుమ్ము పట్టిందని... తుడవడానికి తీశాను."

"తుడిచారా?"

"తుడుస్తాను."

"ఎక్కడుంది?"

అత్తగారి బదులు పిల్ల చెప్పింది.

"బీరువా వెనకుంది. దుప్పట్లో చుట్టి పెట్టింది నానమ్మ. అమ్మకి చెప్పొద్దు, బాధపడుతుందీ అంది."

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆ క్షణాన కోడలికి తెలిసింది. మొగుడు వదిలేశాడు, అది ఒక రకం మంట. రెండేళ్ళలో దాన్ని ఎలా భరించాలో నేర్చుకుంది. ఇది వేరు. తను షాపులో ఎవరిదో మోటారు బాగుచేస్తూ కూర్చున్న వేళ, ఇంట్లో ఇద్దరు పెద్దమనుషులు కూడబలుక్కుని ఫొటో దించి, మచ్చ కనపడకుండా చెట్టు జరిపి, ఆ చెట్టుకి లైట్లు కూడా తన చేతే పెట్టించాలని ఆలోచించారు. ఎంత తీరిక! ఎంత జాగ్రత్త!

"నా ఫొటో పోయిన చోటుని కప్పడానికి నా చేతే అలంకరణ చేయిస్తున్నారా అత్తయ్యా? మనసెలా వచ్చింది?"

"అరవకు. పక్కవాళ్ళు వింటారు."

"విననీయండి! ఇన్నాళ్ళూ వినపడకుండా ఉండే కదా ఇంత దాకా వచ్చింది."

అప్పుడు అత్తగారి గొంతు కూడా లేచింది. "నన్నేం చెయ్యమంటావే? వాడు నా కడుపున పుట్టాడు. రెండేళ్ళయింది వాడి మొహం చూసి. తనని ఒప్పుకోకపోతే ఇంక ఈ గుమ్మం తొక్కనన్నాడు. తొక్కకురా అనమంటావా? నువ్వైతే అంటావా నీ కూతుర్ని?"

అది ఏడుపే. దొంగ ఏడుపు కాదు. కోడలికి ఆ సంగతి తెలుసు, తెలిసినందుకు ఇంకా ఒళ్ళు మండింది.

"ఆయన గుమ్మం తొక్కకపోతే మీకు బెంగ. నేను దాటి వెళ్ళిపోతే?"

"రెండు రోజులేనన్నాను కదా."

"ఆ తర్వాత మీరు ఫోను చెయ్యకపోతే?"

అత్తగారు మళ్ళీ గడియారం వైపు చూసింది.

ఆ చూపు చాలు. ఇవాళ బ్యాగు భుజాన వేసుకుని బయటికి నడిస్తే, మళ్ళీ లోపలికి రావాలంటే ఒకరు పిలవాలి. పిలిచేవాళ్ళు ఫొటోని దుప్పట్లో చుట్టి పెట్టినవాళ్ళు. కోడలు కాని కోడలిగా, ఎవరింట్లోనో ఎన్నాళ్ళో తెలియని చుట్టంగా మిగలాలి. తనకే కాదు, పిల్లకీ అంతే.

"నేను వెళ్ళను," అంది. "తలుపు నేనే తీస్తాను. మీ అబ్బాయి ఎవరికి ఏం చెప్పుకుంటాడో నా ముందే చెప్పుకోమనండి. చిన్నీ, ఆ బ్యాగు లోపల పెట్టు. బట్టలు మళ్ళీ అలమరలో సర్దుకో."

"నా పరువు తీస్తావా?"

"మీ పరువు నేను తీయలేదు. మీరే దించి బీరువా వెనక పెట్టారు."

ఆ మాట అని చెట్టుని కిటికీ వైపు ఈడవడం మొదలుపెట్టింది. అత్తగారు రెండో వైపు నుంచి కొమ్మలు పట్టుకుంది. "వద్దే, వద్దంటున్నానా!" అని ఆవిడ, "వదలండి, తీగ తెగుతుంది!" అని ఈమె. అరవై ఏళ్ళ మనిషి, ముప్పై నాలుగేళ్ళ మనిషి, మధ్యలో ప్లాస్టిక్ చెట్టు. కొమ్మకి వేలాడుతున్న వెండిరంగు గుండు ఒకటి ఊడి, దొర్లి, పడక్కుర్చీ కిందికి పోయింది. మామగారు కాళ్ళు పైకి పెట్టుకున్నారు. ఆ గొడవలో ఆయన చేసిన పని అదొక్కటే.

చెట్టు కిటికీ దగ్గరికి చేరింది. కోడలు రొప్పుతూ ప్లగ్గు గుచ్చింది. లైట్లు వెలిగాయి, సగం కొమ్మల్లో చిక్కుకుని సగం నేల మీద పడి ఉన్నవి వెలిగినట్టే. అవతల గోడ మీద తెల్ల మచ్చ బట్టబయలుగా ఉంది.

కాలింగ్ బెల్ మోగింది.

ఐదూ పది. ముగ్గురూ గడియారం వైపు చూశారు. మామగారు కూడా. కోడలు అన్నమాట ప్రకారం వెళ్ళి తలుపు తీసింది.

గుమ్మంలో ఒకమ్మాయి ఒక్కతే నిలబడి ఉంది. ముప్పై దాకా ఉంటాయి. మెట్లెక్కిన ఆయాసానికి కళ్ళజోడు మసకేసింది. చేతిలో కొత్త లైట్ల పెట్టె.

"బస్సు ముందే దించేసింది," అంది నవ్వుతూ. "ఆయన కింద ఆటోలోంచి సామాను దించుతున్నారు. నేనాగలేక పైకొచ్చేశాను. మీ చెట్టుకి నేనూ ఒక చెయ్యేద్దామని..."

కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. ఎదురుగా ఉన్న మనిషి షాపు చొక్కా జేబులో టెస్టరు, చేతిమీద టేపు చుట్ట చూసి మొహం విప్పారింది.

"మీరే కదూ! మోటార్లు చుట్టే చెల్లెలు! మీరు ఊళ్ళో ఉండరేమో అన్నారే. నాకదృష్టముంది."

కోడలికి వెంటనే అర్థం కాలేదు. ఎవరి చెల్లెలు?

అత్తగారు ముందుకొచ్చి, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చి, తలుపు వేసేసింది. "రామ్మా, రా. కూర్చో. మంచినీళ్ళు తాగుతావా?"

"ఉండండి ఆంటీ," అని ఆ అమ్మాయి కోడలి దగ్గరికే వచ్చింది. గొంతు తగ్గించింది. "మీవారి సంగతి చెప్పారు. ఇంత చిన్న వయసులో... వినగానే నాకు నోట మాట రాలేదు. పాపని పెట్టుకుని ఎలా నెట్టుకొస్తున్నారో."

"ఏం చెప్పారు?"

"యాక్సిడెంటని. క్షమించండి, వచ్చీ రాగానే గుర్తుచేశాను."

"పర్లేదు. ఎన్నాళ్ళయిందన్నారు పోయి?"

"రెండేళ్ళని."

"రెండేళ్ళు," అంది కోడలు. "లెక్క మాత్రం కరెక్టుగా చెప్పారు."

ఆ అమ్మాయి అయోమయంగా అత్తగారి వైపు తిరిగింది. తను అనకూడనిదేదో అన్నానేమోనన్న భయం ఆ మొహంలో. నిజం చెప్పడానికి అంతకంటే మంచి అదను దొరకదు. మామగారు పేపరు మడిచి కుర్చీలోంచి లేచారు. ఏదో చెప్తారనిపించింది. మంచినీళ్ళు తేవడానికి వంటింట్లోకి వెళ్ళిపోయారు.

"అవునమ్మా," అంది అత్తగారు. "మా అమ్మాయే. అతను పోయినప్పటి నుంచీ మా దగ్గరే ఉంటోంది."

తడబడలేదు. అంటే ఇది ఇప్పుడు అల్లిన మాట కాదు, ముందే నేర్చుకున్న పాఠం. కన్న కొడుకుని నోటితో చంపుకుని మరీ అప్పజెప్పింది. పదకొండేళ్ళలో ఆవిడకి ఆపరేషనైనప్పుడు పక్కన కూర్చున్నదీ, జ్వరమొస్తే ఒళ్ళు తుడిచిందీ ఈ కోడలే. ఒక్కసారైనా ఆ నోట "మా అమ్మాయి" అన్న మాట వస్తే మురిసిపోయేది. రాలేదు. వచ్చింది ఇవాళ. ఇలా వచ్చింది.

కోడలికి కన్నీళ్ళు వస్తాయేమోననిపించింది. రాలేదు. లోపలి గది గుమ్మంలో కూతురు నిలబడి ఉంది. పెద్దవాళ్ళ మాటలన్నీ వింటూ, ఒక్కో మొహం మార్చి మార్చి చూస్తోంది.

"ఇలా రా చిన్నీ," అంది. గొంతు ఆమెకే కొత్తగా వినపడింది, అంత నెమ్మదిగా ఉంది. "ఈవిణ్ణి ఇవాళ్టి నుంచి నానమ్మా అని పిలవకూడదంట. అమ్మమ్మా అని పిలవాలంట. మీ నాన్న వచ్చాక నాన్నా అనకు. మావయ్యా అను. మర్చిపోకు."

"ఏమే!" అంది అత్తగారు.

"మావయ్యేంటమ్మా?" అంది పిల్ల.

కళ్ళజోళ్ళ అమ్మాయి నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. పెదవుల మీదే ఆగిపోయి ఉంది. పిల్ల వైపు చూసింది, తల్లి వైపు చూసింది. వరసలు ఒక్కొక్కటే కూడుకుంటోంది. మోకాళ్ళు వంచి పిల్ల ఎత్తుకి వంగింది.

"మీ నాన్న ఎక్కడున్నారమ్మా?"

"కింద," అంది పిల్ల. "ఆటోలోంచి సామాను దించుతున్నాడని మీరే అన్నారు కదా ఆంటీ."

ఆ అమ్మాయి లేచి నిలబడింది. లైట్ల పెట్టె నేల మీద పెట్టింది. "నేను ఎవరి కాపురమూ..." అని మొదలుపెట్టి ఆపేసింది. తర్వాత అత్తగారి వైపు తిరిగింది. "ఆంటీ, మీరు మా అమ్మతో కూడా ఫోన్లో ఇదే చెప్పారు. మీ అంతట మీరే చెప్పారు. మా అమ్మ మీ అమ్మాయి కోసం రెండు రోజులు ఏడ్చింది."

వంటింట్లో కుళాయి కింద గ్లాసు ఎప్పుడో నిండి పొర్లుతోంది. ఎవరూ కట్టేయలేదు.

మెట్ల మీద బూట్ల చప్పుడు వినపడింది. పెట్టె ఒకటి మెట్టు మెట్టుకీ తగులుతూ పైకి వస్తోంది. మూడో అంతస్తు దగ్గర, తలుపవతల, ఆగింది.

గుమ్మం బయట కోడలి చెప్పులున్నాయి. పక్కనే పిల్ల బూట్లున్నాయి. వాళ్ళు వెళ్ళిపోలేదని చెప్పడానికి అవి చాలు. తలుపవతల రెండు క్షణాలు ఏ అలికిడీ లేదు. ఆ రెండు క్షణాల్లో మనిషి ఎన్నిటికి తెగించగలడో మరుక్షణం లోపలున్న వాళ్ళందరికీ తెలిసింది.

"చెల్లాయ్!" అంది ఆ గొంతు. హుషారుగా, చనువుగా. "ఏంటే, ఇంకా ఇంట్లోనే ఉన్నావా? చేతులు ఖాళీ లేవు, కాస్త తలుపు తియ్యి తల్లీ!"

కోడలు తలుపు దగ్గరికి నడిచింది. గడియ మీద చెయ్యి వేసింది. ఆ చేతి మీద ఇంకో చెయ్యి పడింది.

"ఇప్పుడే తీయకండి," అంది కళ్ళజోళ్ళ అమ్మాయి. "ఇంకొక్కసారి పిలవనీయండి. వాళ్ళమ్మ కూడా సరిగ్గా వినాలి."